260 డిగ్రీల దాకా బాగానే ఉంది

ఆ రోజు అమ్మ పక్క సీట్లో ఉంది. తెనాలి దగ్గర మా ఊరి నుంచి విజయవాడకి కంటి ఇంజెక్షన్ కోసం తీసుకొస్తున్నాను. షుగర్ వల్ల రెటీనాలో నీరు చేరింది. నెలకొక ఇంజెక్షన్ వేయించాలి, తేదీ తప్పకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మంగళగిరి, తాడేపల్లి దాటి కనకదుర్గ వారధి ఎక్కాం. వారధి సగంలో ఉండగా డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. వెంటనే బండిలో బలం పోయింది. యాక్సిలరేటర్ ఆఖరు దాకా తొక్కినా మూలుగుతూ నలభై దాటడం లేదు. వెనక ఇసుక లారీ హారన్ మోత. కుడివైపు నుంచి బస్సులు రాసుకుంటూ పోతున్నాయి. "ఏమైంది రా?" అంటూ అమ్మ డోరు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ అంచున నడిపించుకుంటూ బెంజి సర్కిల్ దాకా ఎలా వచ్చానో నాకే తెలుసు.

ఆసుపత్రి ముందు బండి ఆపి, అమ్మని లోపల కూర్చోబెట్టి వచ్చి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే ఉంది. పికప్ వచ్చేసింది. లైటు మాత్రం పోలేదు. తిరుగు ప్రయాణంలో దుగ్గిరాల దాకా ఏ ఇబ్బందీ లేదు, అక్కడ మళ్లీ అదే వరస. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఇంటికి వెళ్లాక "వచ్చే నెల బస్సులో వస్తాలే నాన్నా" అంది. ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. ఒక కన్ను సరిగా కనిపించని మనిషి బస్సు మెట్లు ఎక్కి దిగాలా? నెల రోజుల్లోగా ఈ బండి సంగతి తేల్చాలని ఆ రాత్రే అనుకున్నాను.

మాది 2020 చివర్లో కొన్న డీజిల్ కారు. 1 ఏప్రిల్ 2020 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి కదా, ఆ కొత్త రకం. వారంటీ అయిపోయింది. తీసుకెళ్లిన చోట కంప్యూటర్ పెట్టి చూసి, "ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్ ఎర్రర్ సార్, డీపీఎఫ్ ఫిల్టర్ కూడా నిండిపోయినట్టుంది, రెండూ మారిస్తే మంచిది" అన్నారు. కాగితం మీద 1,38,000 రూపాయల ఎస్టిమేట్ వేసిచ్చారు. ఎవరి మీదా నిందగా చెప్పడం లేదు. కానీ ఆ కాగితంలో ఎక్కడా "కొలిచాం" అన్న మాట లేదు. సెన్సార్ రెసిస్టెన్స్ ఎంత వచ్చింది, వైరింగ్ చూశారా, ఫిల్టర్ ముందూ వెనకా ప్రెజర్ తేడా ఎంత? అడిగితే సమాధానం రాలేదు. బండి తీసుకుని వచ్చేశాను.

ఇక్కడ కాస్త ఆగి ఈ సెన్సార్ ఏం చేస్తుందో చెప్పాలి. అది తెలియకుండా పడిన తిప్పలు అర్థం కావు.

డీజిల్ ఇంజిన్ పొగలో మసి ఉంటుంది. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఆ మసిని పట్టుకుంటుంది. లోపల తేనెపట్టులా సన్నని గదులుండే పింగాణీ దిమ్మ అది. మసి పేరుకుంటూ పోతే ఊపిరాడదు కాబట్టి, కొన్ని వందల కిలోమీటర్లకోసారి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, దాన్ని లోపలే కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇంజిన్‌లో మామూలు దహనం అయిపోయాక కాస్త డీజిల్ అదనంగా చిమ్ముతుంది. ఆ డీజిల్ ఫిల్టర్ ముందున్న క్యాటలిస్టులో మండి, ఎగ్జాస్ట్ వేడిని 600 డిగ్రీల దగ్గరికి తీసుకెళుతుంది. ఆ వేడికి మసి కాలిపోతుంది. వేడి చాలకపోతే మసి కాలదు. శ్రుతి మించితే లోపలి పింగాణీ పగులుతుంది. కాబట్టి అక్కడ ఎన్ని డిగ్రీలుందో ఈసీయూకి ప్రతి క్షణం తెలియాలి. ఆ కబురు చెప్పేదే ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్. మా కారులో మూడున్నాయి: టర్బోకి ముందొకటి, క్యాటలిస్టుకీ డీపీఎఫ్‌కీ మధ్య ఒకటి, డీపీఎఫ్ తర్వాత ఒకటి. వీటిలో ఒక్కటి మూగబోయినా ఈసీయూ రీజనరేషన్ మొదలుపెట్టదు. గుడ్డిగా నిప్పు రాజేయడం కంటే ఊరుకోవడం మేలని దానికి నేర్పించారు. బలం తగ్గించి, లైటు వేసి కూర్చుంటుంది. ఈలోగా మసి మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. చిన్న సెన్సార్‌ని పట్టించుకోకపోతే లక్ష రూపాయల ఫిల్టర్ పాడయ్యేది ఇలాగే.

మా బావ దగ్గర బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఉంది, ఈసీయూ దాచుకున్న ఎర్రర్ కోడ్ చదివే పరికరం. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూస్తే పీ2033 అని వచ్చింది. బ్యాంక్ 1, సెన్సార్ 2, సర్క్యూట్ వోల్టేజి ఎక్కువ. అంటే మధ్యలో ఉన్నది. పీ2032 అయితే వోల్టేజి తక్కువ అని అర్థం, వైరు ఎక్కడో బాడీకి తగిలి షార్ట్ అయిందనుకోవాలి. ఎక్కువ అంటే చాలావరకు ఎక్కడో తెగిందని. సెన్సార్ లోపలా, వైరులోనా, కనెక్టర్‌లోనా అన్నది కోడ్ చెప్పదు. ఈ సంగతి నాకు ఆ రోజు తెలిసి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

నేను మొదట అనుమానించింది ఎలుకని. పటమటలో మా ఇంటి పక్క ఖాళీ స్థలం ఉంది. వానాకాలంలో అక్కడి ఎలుకలన్నీ వెచ్చగా ఉంటుందని బానెట్ కిందకే చేరతాయి. బండి జాక్ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి దూరి చూస్తే నిజంగానే ఒకచోట వైరింగ్ మీది తొడుగు కొరికి ఉంది. దొంగ దొరికాడని ఎంత సంబరపడ్డానో! తొడుగు విప్పి టార్చి వేసి చూశాను. పైన మాత్రమే పళ్ల గాట్లు, లోపలి వైర్లు చెక్కు చెదరలేదు. అయినా టేపు చుట్టి, కోడ్ చెరిపేసి, ఇక అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లే దారిలో గన్నవరం దాటకముందే లైటు మళ్లీ వచ్చింది.

తర్వాత ఆదివారం మల్టీమీటర్ తీసుకుని కూర్చున్నాను. సెన్సార్ కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి, ఈసీయూ వైపు నుంచి వచ్చే రెండు వైర్ల మధ్య చూస్తే 4.98 వోల్టులు. రావాల్సింది 5, సరిగ్గానే ఉంది. తాళం ఆఫ్ చేసి సెన్సార్ వైపు రెసిస్టెన్స్ చూశాను. మా బండిలో ఉన్నది పీటీ-200 రకం. సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్స్, వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ పొద్దున షెడ్డులో 34 డిగ్రీలు. లెక్క ప్రకారం 226 రావాలి. మీటరు 226 చూపించింది. ప్రోబులు తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ 226.

సెన్సార్ బాగుంది. వోల్టేజి బాగుంది. వైరు బాగుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఇంటి ముందే అరగంట సేపు ఐడిల్‌లో ఉంచితే కోడ్ రాలేదు. రోడ్డెక్కితే వస్తుంది. ఇక మిగిలింది ఈసీయూయే అనుకుని నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం రోజులు బండి బయటికి తీయలేదు.

అప్పుడు ఆటోనగర్ వెళ్లాను. విజయవాడ ఆటోనగర్ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి నాజిల్ టెస్టింగ్ దాకా ఒక్కో వీధిలో ఒక్కో విద్య. నాకు తెలిసిన లారీ ఓనరు ఒకాయన ఓ ఆటో ఎలక్ట్రికల్ మేస్త్రీ దగ్గరికి పంపారు. అరవై దాటిన మనిషి. షెడ్డులో ఒక మూల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు గుట్టగా ఉన్నాయి. ఇంకో మూల శుభ్రంగా తుడిచిన బల్ల మీద స్కానర్. నేను తెచ్చిన కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు.

"కొలత నువ్వే తీశావా బాబూ?"

"అవునండీ."

"బండి చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా?"

"చల్లగా ఉన్నప్పుడేనండీ. వేడి మీద చెయ్యి పెట్టలేం కదా."

"మరి కంప్లయింటు వచ్చేది ఎప్పుడు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది. రెండు వారాలుగా ఉంది. నేనే దాన్ని అలా అడగలేదు. వారధి మీద, దుగ్గిరాలలో, గన్నవరం దగ్గర, ప్రతిసారీ ఇరవై నిమిషాలు నడిచాకే వచ్చింది. ఐడిల్‌లో డీజిల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ పెద్దగా వేడెక్కదు. అరగంట కాదు, పూట పూటంతా నిలబెట్టినా రోడ్డు మీద వచ్చే వేడి రాదు. నేను జ్వరం లేని వేళ చూసి థర్మామీటర్ బాగుందని తేల్చుకున్నానన్నమాట.

మేస్త్రీ గారు ముందు ఈసీయూ మీద అనుమానం తీర్చేశారు. ఆ పద్ధతి నాకు జన్మలో మరుపు రాదు. డ్రాయర్ లోంచి రెండు చిన్న రెసిస్టర్లు తీశారు, ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయి రెండు రూపాయలకి దొరికేవి. ఒకటి 220 ఓమ్స్‌ది, ఇంకోటి 330. ముందు వాటినే మీటరుతో కొలిచారు, పైన రాసిన విలువని నమ్మకుండా. మొదటిది 218, రెండోది 327. సెన్సార్ కనెక్టర్ విప్పి, ఈసీయూ వైపు వచ్చే రెండు పిన్నుల మధ్య సెన్సార్‌కి బదులు 218ది గుచ్చి, స్కానర్‌లో సెన్సార్ 2 వేడి ఎంత చూపిస్తుందో చూడమన్నారు. 23 డిగ్రీలు. అది తీసి 327ది పెట్టారు. 170. లెక్కకి అచ్చంగా సరిపోయాయి. అంటే కనెక్టర్ నుంచి ఈసీయూ దాకా వైర్లు, ఈసీయూ లోపలి సర్క్యూట్, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. వైర్లని అటూ ఇటూ కదిపినా స్క్రీన్ మీద అంకె వణకలేదు. వారం రోజులు నా నిద్ర చెడగొట్టిన అనుమానం ఐదు నిమిషాల్లో తీరిపోయింది.

పక్క షెడ్డు కుర్రాడు ఒకడు చూస్తూ నిలబడ్డాడు. "అన్నా, ఆ రెసిస్టర్‌ని అలాగే ఉంచేస్తే సరిపోద్ది కదా, లైటే రాదు" అన్నాడు. మేస్త్రీ గారు వాడిని కసురుకోలేదు గానీ, పని ఆపి మరీ చెప్పారు. అలా పెడితే ఫిల్టర్ ఎప్పుడూ 170 డిగ్రీల దగ్గరే ఉందని ఈసీయూ అనుకుంటుంది. నిజానికి 600 ఉన్నా ఇంకా చాలలేదని డీజిల్ పోస్తూనే ఉండే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో నూర్పిళ్లప్పుడు రోడ్ల మీద వరిగడ్డి పరుస్తారు, దాని మీద బండి ఆపితే ఏమవుతుందో ఆలోచించమన్నారు. ఇది చదివేవాళ్లకి నేనూ అదే చెబుతున్నాను. రెసిస్టర్ పరీక్ష వరకే. పరీక్ష అయ్యాక బయటికి తీసేయాల్సిందే. ఫిల్టర్‌నే తీయించేసి సాఫ్ట్‌వేర్ మార్పించుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ మసి పీల్చేది మన పిల్లలే. ఆ ఆలోచన నేను దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఇక సెన్సార్ విప్పాలి. నాలుగేళ్లు ఆ వేడిలో మగ్గిన నట్టు ఊరికే రాదు. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నాననిచ్చాను. పొద్దున్నే మళ్లీ కొట్టి, ఇంజిన్ ఐదు నిమిషాలు తిప్పి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టాను. మా బండిలో నట్టు 17 సైజు. వైరు పట్టేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ కావాలి, దాన్ని మేస్త్రీ గారే ఇచ్చారు. నట్టు తిరుగుతుంటే సెన్సార్ కడ్డీ, వైరు దానితో పాటు మెలిపడకూడదు. పాత సెన్సార్ పారేసేదే అయినా, నేను దాన్ని ఇంకా పరీక్షించాలి కాబట్టి భద్రంగా తీశాను. మొదట కీచుమంది, తర్వాత టక్కుమని వదిలింది.

చేతిలోకి తీసుకుంటే చిటికెన వేలు పొడవున్న కడ్డీ, మొన మీద నల్లటి మసి. ఇంత చిన్న వస్తువు వల్లనా వారధి మీద అంత భయపడ్డాం అనిపించింది.

పెరట్లో వేడినీళ్లు కాచుకునే చిన్న గ్యాస్ స్టవ్ ఉంది. పాత డబ్బాలో నీళ్లు మరిగించి, సెన్సార్ మొన ముంచి, మీటరు పెట్టాను. మా బావ ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడ్డాడు. మరిగే నీళ్లంటే 100 డిగ్రీలు. లెక్క ప్రకారం 275 ఓమ్స్ రావాలి. మీటరు 240, 258, 270 అంటూ ఎక్కి 275 దగ్గర నిలిచింది.

"ఇక్కడా బాగానే ఉంది బావా" అన్నాడు.

డబ్బా దించేసి, పట్టకారుతో సెన్సార్ పట్టుకుని, మంట సన్నగా పెట్టి, మొన నీలం మంటకి జానెడు పైన ఉంచాను. 290. 310. 340. అంకెలు ఒక్కొక్కటీ తాపీగా ఎక్కుతున్నాయి. 360. 375. కొంచెం కిందికి దించాను. 384, 388, 390. మీటరు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఎడమ పక్కన ఒంటరిగా 1 మాత్రం మిగిలింది. సర్క్యూట్ తెగినప్పుడు నా మీటరు చూపించే గుర్తు అది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మంట మీంచి తీసి గాలిలో పట్టుకున్నాను. పది సెకన్లు, పదిహేను సెకన్లు. మీటరు మీద 371 ప్రత్యక్షమై, కిందికి దిగడం మొదలైంది. మళ్లీ మంట మీద పెట్టాను. 390 దగ్గరే మళ్లీ తెగింది. మూడోసారీ అంతే. 390 ఓమ్స్ అంటే దాదాపు 260 డిగ్రీలు.

లోపల కంటికి కనిపించనంత సన్నని అతుకు ఎక్కడో విడిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తాకుతూ ఉంటాయి. వేడికి లోహం వ్యాకోచించి 260 దగ్గర విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి. ఆసుపత్రి ముందు బండి మామూలుగా అయిపోవడం, ఇంటి ముందు అరగంట ఐడిల్‌లో కోడ్ రాకపోవడం, నా మీటరు 226 అని నిజమే చెప్పడం, అన్నిటికీ ఆ పెరట్లో జవాబు దొరికింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెయ్యి రూపాయల మీటరు, గ్యాస్ స్టవ్, ఇంతకన్నా ఏమీ పట్టలేదు.

కొత్త సెన్సార్ కొనడం ఇంకో కథ, అది త్వరగా చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో 1,400కి ఒకటి దొరికింది. ఫొటోలో అచ్చు అలాగే ఉంది, కనెక్టర్ కూడా సరిపోయింది. పార్శిల్ విప్పగానే మీటరు పెడితే 2,000 ఓమ్స్ రేంజిలో అంకే రాలేదు. రేంజి పెంచుకుంటూ పోయినా రాలేదు. అది వేరే జాతి, ఎన్‌టీసీ రకం. వాటికి చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ విపరీతంగా ఉండి, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. మన ఈసీయూకి ఆ భాష రాదు. తిప్పి పంపేశాను. తర్వాత పాత సెన్సార్ వైరు మీద ముద్రించిన పార్ట్ నంబర్ రాసుకుని, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి అదే నంబర్‌ది 6,850కి తీసుకున్నాను. కౌంటర్ మీదే మీటరు పెట్టి చూసుకుని మరీ డబ్బిచ్చాను. షాపాయన ఏమీ అనుకోలేదు, పైగా "అందరూ ఇలా చూసుకుంటే మాకు రిటర్నులు ఉండవు" అన్నారు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. మరల మీద యాంటీ-సీజ్ పేస్టు పల్చగా రాయాలి, మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే మొరాయించకుండా. ఆ పేస్టు మొనకి మాత్రం అంటకూడదు. రెండోది, సెన్సార్ కింద పడకూడదు, లోపలి ప్లాటినం పలక చాలా సున్నితం. టార్క్ రెంచితో 45 న్యూటన్ మీటర్లకి బిగించి, వైరుని పాత క్లిప్పుల్లోనే కూర్చోబెట్టాను. వైరు పైపుకి తగిలితే ఆ వేడికి కరిగిపోతుంది. క్లిప్పులన్నీ ఉన్నాయా అని మేస్త్రీ గారు స్వయంగా వంగి చూశారు. ఎలుక కొరికిన తొడుగు కూడా కొత్తది వేశారు.

కోడ్ చెరిపేశాం. అయితే పని అక్కడితో అయిపోలేదు. నెల రోజులుగా రీజనరేషన్ జరగలేదు కాబట్టి ఫిల్టర్‌లో మసి పేరుకుంది. స్కానర్‌లో ప్రెజర్ తేడా మామూలు కన్నా ఎక్కువే ఉంది, కానీ చేయి దాటిపోలేదు. షెడ్డులోనే స్కానర్‌తో బలవంతంగా కాల్చవచ్చు, లేదా హైవే మీద నడిపితే బండి తనంతట తనే కాల్చుకుంటుంది. "రోడ్డు మీద అయితేనే మంచిది బాబూ, గాలి తగులుతుంది. స్కానర్ తీసుకుపో, రేపు తెచ్చివ్వు" అన్నారు. ఆయన అంత నమ్మకంతో ఇవ్వడం నాకు చాలా పెద్ద విషయం.

మర్నాడు పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరాం, నేనూ మా బావా. ఏలూరు వైపు. తన పని స్క్రీన్ చూసి అంకెలు చదవడం, నాది రోడ్డు చూడటం. రామవరప్పాడు దాటేసరికి 150. నిడమానూరు దగ్గర 190. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర రోడ్డు ఖాళీగా ఉంది, ఎనభైలో పెట్టాను. "220" అన్నాడు. "235." స్టీరింగ్ మీద నా అరచేతులు చెమట పట్టాయి. "248." తను చదవడం ఆపేశాడు. "చదువు బావా" అన్నాను. "255... 259... 261... 266."

బండి అదే వేగంతో పోతోంది. లైటు రాలేదు.

హనుమాన్ జంక్షన్ ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజిన్ శబ్దం కాస్త మారింది, గొంతు బరువెక్కినట్టు. సగటు మైలేజీ అంకె పడిపోతోంది. అంకెలు చకచకా ఎక్కాయి. 310, 390, 480, 560. రీజనరేషన్ మొదలైంది. 600 దాటింది. 612 దాకా వెళ్లి, 590కీ 610కీ మధ్య పావుగంట పైగా ఊగింది. ప్రెజర్ తేడా మాత్రం దిగుతూ వచ్చింది. ఏలూరు బైపాస్ చేరేసరికి వేడి తగ్గడం మొదలై 300 కిందికి వచ్చింది. ఇంజిన్ శబ్దం పాత పద్ధతికి వచ్చేసింది. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర, ఎండుగడ్డి లేని సిమెంటు నేల చూసి మరీ బండి ఆపాను. కింద నుంచి వేడి సెగ, కాలిన వాసన వస్తున్నాయి. ఇంజిన్ వెంటనే ఆపకుండా రెండు నిమిషాలు తిరగనిచ్చాను.

టీ చెప్పి మేస్త్రీ గారికి ఫోన్ చేశాను. అప్పుడే పూజ చేసుకుని వచ్చారట.

"260 దాటిందా?"

"దాటిందండీ. 612 దాకా వెళ్లి వచ్చింది. కోడ్ లేదు."

"ప్రెజర్?"

చెప్పాను. ఒక్క క్షణం లెక్క చూసుకున్నట్టున్నారు.

"బానే ఉంది. అమ్మగారి ఇంజెక్షన్ ఎప్పుడన్నావ్?"

"గురువారమండీ."

"అయితే బుధవారం ఒకసారి షెడ్డుకి రా, నేను చూసి పంపిస్తా. ఆవిడకి చెప్పు, బస్సు వద్దని."

బావ అప్పటికే తెనాలికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.